సున్నా కాకుల నగరం

భవితానగరంలో చెత్త లేదు. ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఆ నగరం పటంలో చెత్తకు రంగు లేదు.

ఆ ప్రాంతమంతా ఇంకా పొలాలుగా, గట్లుగా, మోటారు షెడ్లుగా ఉన్న రోజుల్లోనే విదేశీ నిపుణులు వచ్చి నగరం పటం గీసిపెట్టారు. ఇళ్ళకు పసుపు, అంగళ్ళకు ఎరుపు, ఆఫీసులకు ఊదా, తోటలకు ఆకుపచ్చ, చెరువులకు నీలం. ఇన్ని రంగులు వేసినవాళ్ళు, జనం రోజూ ఊడ్చి పారబోసేది ఎక్కడికి పోవాలో మాత్రం గీయడం మరిచిపోయారు. పటం మీద ముద్రలు పడి, శంకుస్థాపన జరిగి, నిపుణులు శాలువాలు కప్పించుకుని విమానం ఎక్కేశాక గానీ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పటం మార్చాలంటే తప్పు జరిగిందని ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకునే అధికారం నగరాభివృద్ధి సంస్థలో ఏ హోదాకూ లేదు. అందుకని పాలకమండలి ఒక పూట కూర్చుని, జీడిపప్పు బిస్కెట్లు నములుతూ దీర్ఘంగా చర్చించి, భవితానగరం దేశంలోనే మొట్టమొదటి వ్యర్థరహిత నగరమని తీర్మానం చేసింది. చెత్తకు చోటు లేకపోవడం లోపం కాదు, దార్శనికత అని పత్రికలవాళ్ళకు చెప్పారు. వాళ్ళు రాసుకున్నారు.

తీర్మానమైతే అయింది గానీ జనం తిండి మానలేదు. అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, పాలప్యాకెట్లు ఇంటింటా పుడుతూనే ఉన్నాయి. దానికీ మార్గం కనిపెట్టారు. ప్రతి ఇంట్లో వంటింటి పక్కన ఒక గదిని 'వనరుల గది' అన్నారు. ఇంట్లో పుట్టినది ఆ గది దాటి బయటికి రాకూడదు. గడప దాటనంత వరకూ అది చెత్త కాదట, తన సమయం కోసం వేచి ఉన్న వనరట. జనం తలుపు సందులకు టేపులు అంటించుకుని, హాల్లో అగరొత్తులు వెలిగించుకుని కాపురాలు చేయడం నేర్చుకున్నారు. చుట్టాలు ఫోన్ చేసి, గది ఎంతవరకు నిండిందో కనుక్కుని మరీ బస్సెక్కేవాళ్ళు.

ఏటా పైనుంచి ఒక పరిశీలక బృందం వచ్చి కొత్త నగరాల శుభ్రత చూసి ర్యాంకులు ఇస్తుంది. వ్యర్థరహిత నగరంలో వ్యర్థం లేదని రుజువు చేయడమెట్లా? ఈ ప్రశ్నకు ఒక సలహా సంస్థ రంగురంగుల స్లైడ్లతో జవాబు చెప్పింది. చెత్తను దాచవచ్చు, కాకిని దాచలేం. కాకి ఉన్నచోట చెత్త ఉన్నట్టు, కాకి లేని చోట లేనట్టు. కాబట్టి ఎన్ని కాకులో లెక్కపెడితే నగరం ఎంత శుభ్రమో తేలుతుంది. గిట్టనివాళ్ళు వీటిని కాకిలెక్కలన్నారు. అయినా బృందానికి ఈ పద్ధతి తెగ నచ్చింది, ఎందుకంటే కారు దిగకుండానే లెక్కపెట్టొచ్చు. మరుసటి నెలలోనే నగరంలో చెత్త తగ్గించే పనులన్నీ ఆపేసి, ఆ డబ్బుతో వాయస నియంత్రణ విభాగం తెరిచారు.

ఆ విభాగానికి ఉపసంచాలకుడిగా వచ్చినవాడు రంగనాయకులు. వ్యవసాయ కళాశాలలో చదువుకున్నాడు. వాళ్ళ నాన్న బసవపున్నయ్య నగరం కోసం నాలుగెకరాల నల్లరేగడి ఇచ్చిన రైతు గనుక, భూమి ఇచ్చిన కుటుంబాల కోటాలో ఉద్యోగం దొరికింది. పని చేస్తే ఒళ్ళు దాచుకోకుండా చేసే మనిషి. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి, గూళ్ళు తీయించాడు. కాకులు గూడు కట్టే వేపలూ చింతలూ కొట్టించి, పిట్ట వాలితే జారిపోయే విదేశీ తాటిచెట్లు నాటించాడు. ప్రతి దీపస్తంభానికీ స్పీకరు బిగించి, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా డేగ అరుపు వినిపించాడు. పసిపిల్లలు జడుసుకుని పాలు మానేశారని తల్లులు మొత్తుకున్నారు. ప్రగతికి కొంత సహనం అవసరమని వాళ్ళకు కరపత్రాలు పంచాడు. చివరికి ఒక వేసవి పొద్దున ఆఖరి కాకి పడమటి కాలవ దాటి వెళ్ళిపోయింది. కమిషనర్ విద్యాధర్ గారు స్వయంగా శాలువా కప్పారు, పేపర్లో ఫొటో పడింది.

ఆ ఫొటోను కొడుకు చేత్తో పట్టుకొచ్చి చూపిస్తే, మంచంలో ఉన్న బసవపున్నయ్య చాలాసేపు చూశాడు. శాలువా బాగుందన్నాడు. ఆ తరవాత మామూలుగా అడిగేదే అడిగాడు.

"మన పొలంలో ఏం కడతన్నార్రా?"

"పని జరుగుతోంది నాన్నా," అన్నాడు రంగనాయకులు.

ఆ జవాబు అతను కొన్నేళ్ళుగా చెబుతున్నాడు. ముసలాయనకు మోకాళ్ళు పోయి, కొడుకు ఫ్లాటు దిగి పొలం దాకా వెళ్ళే ఓపిక లేదు. నిజానికి ఆ నాలుగెకరాల్లో ఏ పనీ జరగలేదు. పటంలో మాత్రం చాలా జరిగింది. మొదట పసుపు రంగులో ఉండేది, ఇళ్ళన్నారు. తరవాత ఊదా అయింది, ఆఫీసులన్నారు. ఆపైన ఎరుపు, ఇప్పుడు ఆకుపచ్చ, సీతాకోకచిలుకల వనం. నేల మీద ఒక బోర్డూ, దాని చుట్టూ మనిషెత్తు సర్కారు తుమ్మా ఉన్నాయి. మిరప పండిన ఆ నేలలో ఇప్పుడు పండేది ముల్లే. పొలానికి బదులుగా తిరిగిస్తామన్న స్థలం ఎక్కడో కూడా ఇంకా తేలలేదు, ఎందుకంటే ఆ స్థలం రంగు కూడా మారుతూనే ఉంది. ఈ సంగతి చెబితే తండ్రి దిగులు పడతాడని రంగనాయకులు చెప్పలేదు. చెబితే తన ఉద్యోగం మీద తనకే అసహ్యం పుడుతుందని కూడా చెప్పలేదు.

శివరాత్రి వెళ్ళిన వారానికి బసవపున్నయ్య పోయాడు.

దహనమయ్యాక పంతులుగారు జరగాల్సినవి వివరిస్తూ, పదోరోజు పిండం పెట్టాక కాకి ముట్టేదాకా ఎవరూ ఎంగిలి పడకూడదని చెప్పారు. చచ్చిపోయినాయన తమ్ముడు హనుమంతయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ, ఈ ఊళ్ళో కాకులుండవు కదా అన్నాడు. అందరి తలలూ రంగనాయకులు వైపు తిరిగాయి.

ఊరి హద్దు దాటి కాలవ అవతల ఎక్కడైనా చేద్దామని మెల్లిగా అన్నాడు. అందరూ అంతే చేస్తున్నారు మరి. ఇంతకుముందు అర్జీలు పెట్టుకున్న కుటుంబాలన్నిటికీ, సదరు పిండప్రదానమును నగర పరిధి వెలుపల నిర్వహించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనదని తనే సంతకం పెట్టి పంపాడు. కానీ తల్లి సామ్రాజ్యమ్మ ఒప్పుకోలేదు. పొలంలోనే పెట్టమని ఆయన పోయేముందు తన చెయ్యి పట్టుకుని చెప్పాడంది.

"నాలుగెకరాలిచ్చినోడికి నాలుగు మెతుకులు పెట్టే చోటు లేదంట్రా ఈ ఊళ్ళో?"

ఆవిడ అప్పటికే అన్నం మానేసింది. పాలు, మజ్జిగ తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. పదోరోజున కాకి తినకపోతే తనూ తిననని ఎవరితోనూ అనలేదు గానీ, ఆవిడ సంగతి కొడుకులకు తెలుసు. రంగనాయకులు ఆ సాయంత్రమే కమిషనర్‌ను కలవడానికి వెళ్ళాడు.

విద్యాధర్ గారు అంతా విని, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"వ్యక్తిగతంగా మీ దుఃఖంలో నేను భాగస్వామిని, రంగనాయకులు గారూ. సంస్థాగతంగా కాను. మీరు కోరుతున్నది ఒక కాకి. మన సూచికలో ఒక కాకికీ వంద కాకులకూ తేడా లేదు, సున్నాకే విలువ ఉంది. పైగా మీరు చెప్పిన రోజునే పరిశీలక బృందం వస్తోంది."

తేదీ మార్చే వీలుందా అని అడిగితే, ఆయన కూడా అదే అడిగారు, మీ నాన్నగారి తేదీ మార్చే వీలుందా అని. ఇద్దరికీ కుదరలేదు. అయినా కమిషనర్ గారు మనిషి చెడ్డవారు కాదు. సమస్యను సమస్యగా వదిలేసే అలవాటు ఆయనకు లేదు. పిండాన్ని ఆరుబయట ఆహార నిక్షేపంగా పరిగణించి, పైలట్ ప్రాతిపదికన ఒక పూటకు అనుమతి ఇచ్చారు. కాకికి బదులు ఆకుపచ్చ మండలంలో అనుమతి ఉన్న పావురాన్ని వాడుకోమన్నారు. అదీ కాదంటే, ఒక కుర్రాళ్ళ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ కాకి సిద్ధంగా ఉందనీ, అది ఎగురుతుంది, అరుస్తుంది, పిండం ఫొటో తీసి కుటుంబసభ్యులందరి ఫోన్లకూ పంపుతుందనీ చెప్పారు.

పంతులుగారి దగ్గర ఈ రెండు ప్రతిపాదనలూ పెట్టారు. పావురం గురించి శాస్త్రంలో సవరణ రాలేదన్నారాయన. రెండోదానికి మాత్రం కాసేపు ఆలోచించి, "పిండం తినాలి నాయనా, ఫొటో తీసి ఊరుకుంటే ఎట్లా?" అన్నారు.

పదోరోజు తెల్లవారుతూనే రంగనాయకులు తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి విధి తప్పాడు. ఎవరూ చూడకుండా కంట్రోలు పెట్టె తెరిచి, తండ్రి పొలం చుట్టుపక్కల స్పీకర్లన్నీ ఆపేశాడు. డేగ అరుపు ఆగేసరికి ఆ చోటు ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికే వింతగా అనిపించింది.

తుమ్మచెట్లు కొట్టించి చాపంత జాగా చేశారు. సీతాకోకచిలుకల బోర్డు పక్కన పంతులుగారు తంతు జరిపించారు. విస్తరాకు మీద పిండంతో పాటు గారెలు, మామిడికాయ పప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు, ఆకు చివర ఒక చుట్టా పెట్టారు. అవన్నీ బసవపున్నయ్యకు ఇష్టమైనవి. ఒకప్పుడు పక్క పొలాలవాళ్ళయిన రైతులూ వచ్చారు. అందరూ దూరంగా జరిగి, ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు.

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

కాసేపటికి హనుమంతయ్య పూనుకున్నాడు. ఏదో కోరిక మిగిలిపోయింది, అందుకే రావడం లేదు, మాట ఇవ్వండి అన్నాడు. అది రివాజే. గుండుతో, తడిబట్టతో ఉన్న రంగనాయకులు ముందుకొచ్చి, అమ్మను కంటికి రెప్పలా చూసుకుంటానని తండ్రికి మాటిచ్చాడు. ఏమీ రాలేదు. తమ్ముడు శివాజీ గొంతు సవరించుకుని, నాన్నకు ఆ ఫ్లాటు సంగతి మనసులో ఉందేమో అన్నా అన్నాడు. రంగనాయకులు ఫ్లాటు తమ్ముడికి రాసిస్తానన్నాడు. ఏమీ రాలేదు. మా వాడికి నీ ఆఫీసులో ఉద్యోగం వేయిస్తానని అన్నయ్యతో అన్నావంట కదా అని హనుమంతయ్య గుర్తు చేశాడు. అన్నట్టు రంగనాయకులికి గుర్తులేదు, అయినా వేయిస్తానన్నాడు. వేలువిడిచిన మేనమామ ఒకాయన, నా బండి పాతబడిందని బసవపున్నయ్య బావ బాధపడుతుండేవాడని చెప్పాడు. రంగనాయకులు మోటారు సైకిలూ పోయింది. పొద్దు నడినెత్తికి వస్తున్న కొద్దీ చచ్చిపోయినాయన కోరికలు పెరుగుతూ పోయాయి. ఒక్కటి కూడా ఆయన పేరు మీద లేదు.

రంగనాయకులు అడిగిందల్లా ఇస్తూనే ఉన్నాడు. అంతమందిలో కాకి ఎందుకు రావడం లేదో తెలిసినవాడు తనొక్కడే. తండ్రి అలగలేదు. ఆయన రావడానికి కావలసిన దారినే తను స్తంభం స్తంభానా కాపలా పెట్టి మూయించాడు. ఆ మాట పైకి అనలేక, అనకుండా ఉన్నందుకు జరిమానా కడుతున్నట్టు ఆస్తి పంచుకుంటూ పోయాడు.

అప్పటిదాకా తుమ్మనీడలో కూర్చున్న సామ్రాజ్యమ్మ లేచి వచ్చింది.

"ఆయనకి ఫ్లాటులూ బళ్ళూ ఎందుకురా? ఆయన అడిగిందొకటే. పోయేదాకా అడిగాడు. మన పొలంలో ఏం కడతన్నార్రా అని. నువ్వు చెప్పలా. ఇప్పుడన్నా చెప్పు."

రంగనాయకులు విస్తరి ముందు చతికిలబడ్డాడు. చుట్టూ తన వాళ్ళూ, భూమి ఇచ్చిన వాళ్ళూ ఉన్నారు. సిగ్గు ముంచుకొచ్చింది.

"ఏమీ కట్టలేదు నాన్నా," అన్నాడు. "కట్టరు కూడా. ఊరికే రంగు మారుస్తున్నారు. నీ పొలంలో తుమ్మచెట్లున్నాయి. నాకు తెలుసు, నేను చెప్పలేదు."

అంతవరకే అని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. రైతులు కూడా తలలు తిప్పుకున్నారు. వాళ్ళ పొలాల్లో ఏం కట్టలేదో వాళ్ళకీ తెలుసు.

కాలవ వైపు నుంచి ఒక కాకి వచ్చింది. స్పీకర్లు ఆగినందుకు వచ్చిందో, నిజం విని వచ్చిందో అది చెప్పలేదు. బోర్డు మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, దిగి, నేరుగా గారె ముక్క అందుకుంది. సామ్రాజ్యమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కాకి ఒంటిగా తినదు కదా, రెండు ముక్కలు మింగి నోరారా పిలవడం మొదలుపెట్టింది. కాలవ అవతల నుంచి ఇంకొకటి, దాని వెనక నాలుగు, ఆపైన ఒక మందే వచ్చి దిగింది.

అప్పుడే పరిశీలక బృందం కార్లు బోర్డు దగ్గర ఆగాయి. సీతాకోకచిలుకల వనం చూపించడానికి కమిషనర్ గారు వాళ్ళను వెంటబెట్టుకొచ్చారు. సీతాకోకచిలుకలకు బదులుగా ఉన్నవి చూసి బృందం అధ్యక్షురాలు కారు అద్దం దించారు. తరవాత కారే దిగారు. ఆ బృందం చరిత్రలో ఎవరైనా కారు దిగడం అదే మొదలు.

"మిస్టర్ విద్యాధర్, ఇవి కాకులేనా?"

రంగనాయకులికి పై ప్రాణం పైనే పోయింది. విద్యాధర్ గారు మాత్రం రెప్ప వేయలేదు. ఒకసారి విస్తరి వంక, ఒకసారి గుండు వంక చూశారు. పెద్ద పదవులు ఊరికే రావని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

"కాకులు అనడం సాంకేతికంగా సరికాదు మేడమ్. వీరు మా నగర భూదాతలు. దివంగతులు. మా సుస్థిర నమూనాలో వారికి సముచిత స్థానం ఉంది."

అధ్యక్షురాలు నమ్మలేనట్టు చూసి, ఎదురుగా ఉన్న హనుమంతయ్యను అడిగారు, ఆ బోర్డు కింద తింటున్నది ఎవరని. హనుమంతయ్య కళ్ళు తుడుచుకుని, మా అన్న బసవపున్నయ్యండి అన్నాడు. అబద్ధం చెప్పే ఉద్దేశం అతనికి రవ్వంత కూడా లేదు. పంతులుగారిని అడిగితే శాస్త్రం కూడా అదే చెబుతోందన్నారు. మిగతావాళ్ళెవరని అడిగేసరికి రైతులు ఒక్కొక్కళ్ళే ముందుకొచ్చారు. కుంటుతున్నది మా నాన్నండి, బతికున్నప్పుడూ ఎడమకాలే అని ఒకాయన అన్నాడు. పక్కదాన్ని తోసి తింటున్నది మా పెద్దనాన్న, ఆయనంతే అని ఇంకొకాయన. ఎర్రంచు చీర కట్టుకున్న ఒకావిడ, దూరంగా ఒంటరిగా కూర్చున్న కాకికి తన ఒళ్ళో ఉన్న అరటిపండు ఒలిచి పెట్టింది. స్థలం ఇస్తారని చూసి చూసి పోయినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళకు ఇన్నాళ్ళకు పలకరించే వీలు దొరికింది.

అధ్యక్షురాలి ప్రాంతంలోనూ ఆ ఆచారం ఉంది. ఆవిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. ఆ ఏడాది నివేదికలో కాకులు శూన్యమనీ, దివంగత భూదాతలు సంతృప్తికర సంఖ్యలో హాజరై భోజనం చేస్తున్నారనీ రాశారు. వయోవృద్ధుల భాగస్వామ్యం కింద అదనపు మార్కులు కూడా పడ్డాయి. భవితానగరానికి మొదటి ర్యాంకు వచ్చింది. సామ్రాజ్యమ్మ ఆ మధ్యాహ్నం పప్పూ అన్నం తింది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది?

నెల తిరక్కుండానే వాయస నియంత్రణ విభాగం పేరు పితృదేవతల సమన్వయ విభాగంగా మారింది. రంగనాయకులు పూర్తిస్థాయి సంచాలకుడయ్యాడు, గదిలో ఏసీ పెట్టారు. సమన్వయమంటే ఏమిటో మొదటి సమావేశంలోనే కమిషనర్ గారు విశదీకరించారు. భూదాతలు నివేదికకు ఎక్కారు గనుక వచ్చే తనిఖీకి కూడా హాజరు కావాలి. తగ్గితే నగరం మీద పెద్దలు అసంతృప్తితో ఉన్నట్టు లెక్క. వాళ్ళు నిలకడగా ఉండాలంటే నిలకడగా తిండి ఉండాలి. రోజూ గారెలు వండించడానికి బడ్జెట్ లేదు. అయితే నగరంలో ఇంటింటా వనరుల గదుల్లో ఏళ్ళ తరబడి సమయం కోసం వేచి ఉన్న వనరు ఉండనే ఉంది.

"ఇన్నాళ్ళకు దాని సమయం వచ్చింది," అన్నారు విద్యాధర్ గారు. "గడప దాటితే అది చెత్త అవుతుందని మన నిబంధన. కానీ పెద్దల పేరిట దాటితే నైవేద్యం అవుతుంది. నిబంధనల్లో నైవేద్యానికి నిషేధం లేదు."

మండలి బల్లలు చరిచింది. నైవేద్యానికి జాగా కావాలి గనుక పటంలో కొత్త రంగు చేర్చారు, నలుపు. అన్ని రంగుల్లోనూ ఉండి చూసిన బసవపున్నయ్య నాలుగెకరాలు ఈసారి నల్లబడ్డాయి. ఫైలు రంగనాయకులు బల్ల మీదికి వచ్చింది. అది మా నాన్న పొలం సార్ అని అతను అనకపోలేదు. అందుకే కదండీ, వారి స్వస్థలంలోనే వారికి సేవ చేస్తున్నాం, ఇంతకన్నా గౌరవం ఏముంది అన్నారు కమిషనర్ గారు. రంగనాయకులు ఏసీ చప్పుడు వింటూ సంతకం పెట్టాడు. ఫ్లాటు తమ్ముడికి పోయింది, మోటారు సైకిలు మేనమామకు పోయింది, మిగిలింది ఈ ఉద్యోగమే. అతన్ని సమర్థించడానికి ఈ మాట అనడం లేదు. జరిగింది చెబుతున్నాను.

నైవేద్య సమర్పణ మొదలైన రోజు నగరంలో పండగ జరిగింది. జనం టేపులు చింపి, ముక్కుకు గుడ్డలు కట్టుకుని, గదులు గదులే ఖాళీ చేశారు. లారీల ముందు డప్పులు, వెనక ఈగలు. ప్రతి లారీకీ పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పంపారు. తుమ్మచెట్లు ముందుగా మునిగాయి, తరవాత సీతాకోకచిలుకల బోర్డు మునిగింది. చుట్టుపక్కల మూడు మండలాల కాకులూ భవితానగరానికి తరలివచ్చాయి. పొలంలో ఏం కడుతున్నారని సామ్రాజ్యమ్మ ఇప్పుడు అడగడం మొదలుపెట్టింది.

"పని జరుగుతోందమ్మా," అన్నాడు రంగనాయకులు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి అదే చోటు కావాలంది సామ్రాజ్యమ్మ. కొడుకు వద్దనడానికి కారణం చెప్పలేకపోయాడు. ఆటో దిగి ఆవిడ పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండంతస్తుల ఎత్తు లేచిన కుప్పను కింది నుంచి పైదాకా చూసింది. పైన ఆకాశం కనపడనన్ని కాకులున్నాయి. వాటి అరుపుల్లో పంతులుగారి మంత్రం ఆయనకే వినపడలేదు.

కుప్ప వారన కాస్త శుభ్రం చేసి విస్తరి పరిచారు. నెయ్యి కారుతున్న గారెలు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు, చుట్టా పెట్టారు. దూరంగా జరిగారు. పైన వేల కాకులు పొర్లి పొర్లి తింటున్నాయి, కడుపులు నిండి ఎగరలేక నడుస్తున్నాయి. ఒక్కటి కూడా విస్తరి వైపు తల తిప్పలేదు. హనుమంతయ్య అలవాటుగా, ఏదో కోరిక మిగిలి ఉంటుందని మొదలుపెట్టి, అడగడానికి అన్నయ్య కొడుకు దగ్గర ఏమీ మిగల్లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు. రంగనాయకులు ఆకు ముందు కూర్చున్నాడు. సంతకం నేనే పెట్టాను నాన్నా అన్నాడు, ఒకటికి మూడుసార్లు. ఈసారి నిజానికి కూడా ఏదీ రాలేదు.

పొద్దు వాలింది. సామ్రాజ్యమ్మ వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"లే నాయనా. మీ నాన్న చెత్త మీద వాలే మనిషి కాదు."

విభాగం సిబ్బంది ఇద్దరు వచ్చి, ముట్టని పిండాన్ని నిబంధన ప్రకారం నైవేద్యంలో కలిపేస్తామన్నారు. ఆవిడ వాళ్ళ వంక చూడకుండా విస్తరి నాలుగు మూలలూ మడిచి, రెండు చేతులతో పట్టుకుని కాలవ వైపు నడిచింది. సంచాలకుడు గారు బూట్లు చేత్తో పట్టుకుని వెనకే నడిచారు. నగరం హద్దురాయి దాటి, కాలవ మీది చెక్క వంతెన దాటి, ఎవరిదో మినప చేను గట్టు మీద ఆకు విప్పారు. వెనక్కి జరిగి ఇంకా సరిగ్గా నిలబడలేదు, ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఒక కాకి దిగి, మెతుకు మిగలకుండా తిని వెళ్ళింది.